బోణీ బంతి

మా యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు చరిత్ర రాయమని ఎవరైనా అడిగితే రెండు వాక్యాల్లో ముగించవచ్చు. సొంత కోర్టులో ఎవరొచ్చినా గెలిచాం. గేటు దాటి ఎక్కడికి పోయినా ఓడాం. నలభై ఏళ్లకు పైగా ఇదే వరస. నేను చెప్పేది మగపిల్లల జట్టు సంగతి. ఆడపిల్లలకు జట్టు కట్టే తీరిక మావాళ్లకు ఇంకా దొరకలేదు.

నాచారంలో ఫ్యాక్టరీల మధ్య రేకుల షెడ్డుల్లో సాయంకాలం కాలేజీగా మొదలైంది మాది. తర్వాత పగలు కూడా నడిచింది, ఆ తర్వాత యూనివర్సిటీ అయింది. బోర్డు పెద్దదయింది గాని స్థలం పెరగలేదు. మిగతా యూనివర్సిటీలవాళ్లు మా జట్టును ‘ఇంటి పులులు’ అంటారు. బయట ఓడినప్పుడల్లా మా దగ్గర ఏదో ఒక కారణం సిద్ధంగా ఉండేది. ఒక ఏడు దిష్టి, ఒక ఏడు బస్సు కుదుపులు, ఒక ఏడు అక్కడి సాంబారు. ఒక పెద్దాయన వాస్తు చూసేవాణ్ణి పిలిపించి కోర్టు మూలనున్న కుళాయి పీకించాడు. దాంతో ఆటగాళ్లకు తాగే నీళ్లు పోయాయి, ఓటమి మాత్రం ఎక్కడికీ పోలేదు.

నేను అక్కడ ఫిజికల్ డైరెక్టరును. పేరు స్వర్ణలత, పిల్లలకు పీడీ మేడమ్‌ని. అయితే నాకంటే చాలా ముందు నుంచే ఆ కోర్టు మా నాయినది. బుచ్చిరాములు అంటే ఆ జట్టుకు మొదటి కెప్టెను. పగలు మల్లాపూర్‌లో బోల్టుల ఫ్యాక్టరీలో పనిచేసి, సాయంత్రం కాలేజీకి వచ్చి, పాఠాలు మొదలయ్యేలోపు ఆడేవాడట. ఆయన చెప్పే కథ మా ఇంట్లో గోడలకు కూడా నోటికి వచ్చు.

“కొత్త గచ్చు పోసి వారం గాలే,” అని మొదలుపెడతాడు. ఎప్పుడు చెప్పినా ఆ మాటతోనే మొదలు. “అంతకుముందు మట్టినేలనే గద. కాళ్లకింద గట్టిగ తగిలెవరకు ఎక్కడలేని హుషారొచ్చింది. బంతి వట్టుకొని ఎగిరిన. రింగు మీదికెల్లి ఇంత లేసింది చెయ్యి.” అని నాలుగు వేళ్లు దగ్గరగా ఆనించి గాలిలో అడ్డంగా చూపిస్తాడు. “బంతిని ఇసురలే, రింగుల కుక్కిన.”

దాన్ని డంక్ అంటారు. మా జట్టులో అంతకుముందు గాని ఆ తర్వాత గాని అది చేసినవాడు లేడు. ఆ రోజు ఆట చూడటానికి వచ్చిన ఒక రైల్వే ఆఫీసరు నాయిన పేరు రాసుకుని వెళ్లాడు. ఆటల కోటాలో రైల్వే ఉద్యోగం వచ్చింది. ఉద్యోగం వచ్చాకే పెళ్లి, నాచారంలో ఇల్లు, నేను, నా చదువు అన్నీ. “ఈ ఇల్లు ఇటుకలతోని కట్టలే, గా ఒక్క ఎగురుడుతోని కట్టిన,” అంటాడు నాయిన.

“గట్లనే ఒకపారి ఎగిరి మూలకున్న బూజు గూడ దులుపు,” అంటుంది మా అమ్మ లక్ష్మీనర్సమ్మ.

రిటైరయ్యాక కూడా ఆయనకు ఏడాదికి ఒకరోజు కోర్టులో పని ఉండేది. ఆయుధపూజ రోజు ఫ్యాక్టరీల్లో మిషన్లకు బొట్లు పెట్టినట్టే మేము బంతులకు పసుపు కుంకుమ పెడతాం. స్తంభాల మొదట్లో నిమ్మకాయ కోసి, కొబ్బరికాయ కొడతాం. అప్పుడు నాయిన ఫ్రీ త్రో గీత మీద నిలబడి మొదటి బంతి వేస్తాడు. అది బోణీ బంతి. అది రింగులో పడితేనే ఆ ఏడాది ఆట మొదలైనట్టు. పడేదాకా ఇంకెవరూ బంతి ముట్టుకోకూడదు. ఆయన చేతిది తప్పడం మాత్రం ఎవరూ చూడలేదు.

ఇదంతా పోయినేడు వానాకాలం దాకా ఉన్న సంగతి.

*

శ్రావణమాసంలో మా గల్లీకి కొత్త సిమెంటు రోడ్డు వేశారు. పాతది తవ్వలేదు, దాని మీదే పోశారు. అంతకుముందు వేసినప్పుడూ అంతే, దానికి ముందూ అంతే. నాయిన ఇల్లు కట్టినప్పుడు రోడ్డు మీంచి మూడు మెట్లెక్కి లోపలికి వచ్చేవాళ్లం. ఇప్పుడు ఒక మెట్టు దిగి వస్తున్నాం. గేటు రోడ్డును గీరుకుంటుందని కింది భాగం రెండుసార్లు కోయించాం.

రోడ్డు పోసిన మూడోనాటికే పెద్ద వాన పడింది. గల్లీలో నీళ్లన్నీ దారి కనుక్కున్నట్టు తిన్నగా మా ఇంట్లోకి వచ్చాయి. అమ్మ బియ్యం సంచి మంచం మీదికి ఎక్కించింది. నేనూ, మా ఆయన తిరుపతీ బకెట్లతో ఎత్తిపోస్తున్నాం. మేముండేది పై పోర్షనే గాని వాన పడితే అందరిదీ కింది ఇల్లే. నాయిన కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుని గోడకేసి చూస్తున్నాడు.

“ఇల్లు గుంగుతున్నదేమో తిరుపతీ. పునాది సూపియ్యాలె,” అన్నాడు.

“ఇల్లేం గుంగలే మామా,” అన్నాడు మా ఆయన, నీళ్లు బయటికి విసిరి. “రోడ్డు లేసింది.”

నా చేతిలో బకెట్టు అలాగే ఆగింది. ఇల్లు కుంగలేదు, రోడ్డు లేచింది. నా కళ్లముందు గల్లీ లేదు, కోర్టు కనిపించింది. మట్టి మీద మొదటి గచ్చు పోశారు. అది పగుళ్లిచ్చాక పాత విద్యార్థుల సంఘం దాని మీద ఇంకొకటి పోయించింది. కొన్నేళ్లకు ఒక ఫ్యాక్టరీవాళ్లు ఇచ్చిన విరాళంతో మరొకటి. పైన ఎరుపు, ఆకుపచ్చ రంగుల పొర మొన్న మొన్నటిది. వచ్చిన ప్రతివాళ్లూ పైన ఒక పొర పోయించి, మూలన ఒక శిలాఫలకం పెట్టించి పోయినవాళ్లే. పాతది తవ్వి తీయడానికి ఎవరూ ముందుకు రాలేదు, ఎందుకంటే తవ్వినదానికి ఫలకం ఉండదు. నేల ఇన్నిసార్లు లేచింది. రింగులున్న ఇనుప స్తంభాలను మాత్రం పాతిన రోజు నుంచి ఎవరూ కదిలించలేదు.

“ఏమైందే, నీళ్లెత్తు,” అంది అమ్మ.

మర్నాడు పొద్దున్నే జట్టు కెప్టెన్ అనిరుధ్‌ని పిలిచి నిచ్చెన వేయించాను. వాళ్లది తార్నాకలో సైంటిస్టుల కుటుంబం, గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్లు. రింగు నేల నుంచి పదడుగుల ఎత్తున ఉండాలి. పైకెక్కి రింగు దగ్గర నుంచి కొలత టేపు కిందికి వదిలాడు. మళ్లీ చుట్టి మళ్లీ వదిలాడు.

“మేడమ్, ఈ టేపు సరైనదేనంటారా?”

“టేపు మంచిదే. ఎంత తక్కువుంది?”

వాడు పై నుంచే బొటనవేలూ చిటికెనవేలూ చాపి చూపించాడు. దాదాపు జానెడు.

వాడు నిచ్చెన దిగి రింగు వైపు చాలాసేపు చూశాడు. “అందుకేనా మేడమ్, బయటికెళ్తే మన బంతులన్నీ రింగుకి ముందే పడిపోతాయి? చేతికి ఈ ఎత్తే అలవాటైపోయింది. ఇక్కడికొచ్చిన వాళ్లవేమో బోర్డుకి కొట్టుకుని వెనక్కొచ్చేస్తాయి. మనమేమో మనకి గట్టి డిఫెన్సుందని మురిసిపోతున్నాం.”

నేను నవ్వాను. వాడు నా నవ్వు తన మాటకనుకున్నాడు. కాదు. నాకు పద్దెనిమిదేళ్లప్పుడు సరూర్‌నగర్ స్టేడియంలో రాష్ట్ర జట్టుకు సెలెక్షన్లు జరిగాయి. నాయిన ఈ కోర్టులోనే, తెల్లవారగట్ల కాలేజీ తెరవకముందు నాకు ఆట నేర్పాడు. ఇక్కడ కళ్లు మూసుకుని వేసినా పడే బంతి, అక్కడ ఒక్కటీ పడలేదు. అన్నీ రింగు అంచుకు ముందే జారిపోయాయి. తిరుగు బస్సులో నాగోలు దాటేదాకా నాయిన మాట్లాడలేదు. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ “భయపడ్డవ్ బిడ్డా,” అన్నాడు. అంతే. తిట్టలేదు, మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. నేను నమ్మాను. మళ్లీ సెలెక్షన్లకు పోలేదు. నలుగురిలో నిలబడితే నా చెయ్యి పనిచేయదని నాకు నేనే తీర్పు చెప్పుకుని, ఆడేవాళ్లకు ఈల ఊదే ఉద్యోగంలో కుదురుకున్నాను.

అందుకే నవ్వాను. సంతోషంతోనే నవ్వాను. పొయ్యి మీది పాలు పొంగినట్టు పైకి వచ్చింది సంతోషం. వెంటనే ఇంటికి పోయి, నాయిన ముందు ఆ టేపు పడేసి, చూడు అనాలనిపించింది.

స్కూటరు తాళం తీస్తుంటే ఆయన గొంతే చెవిలో పడింది. కొత్త గచ్చు పోసి వారం గాలే. నేను కోర్టు అంచుకు పోయి, పగిలిన చోట వంగి చూశాను. అన్నింటికన్నా కింద, మట్టికి ఆనుకుని ఉన్న మొదటి పొర తేటగా కనిపిస్తోంది. దాని మందం నాలుగు వేళ్లు, నాయిన గాలిలో చూపించేదీ అంతే.

నేను తాళం మళ్లీ జేబులో వేసుకున్నాను.

*

మా రిజిస్ట్రారు జనార్ధనరావు గారు సంగతంతా విని కళ్లజోడు తీశారు. ఆయన వెనుక అద్దాల బీరువాలో మేము సొంత కోర్టులో గెలిచిన కప్పులన్నీ ఉన్నాయి.

“రింగు పైకి లేపితే ఇక్కడ కూడా ఓడిపోతారేమోనమ్మా,” అన్నారు.

“అప్పుడు రెండు చోట్లా ఒకేలాగ ఆడతాం సార్. డిసెంబరులో వరంగల్‌లో టోర్నమెంటు ఉంది.”

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. “లేపండి. కాని బయట ఎవరికీ చెప్పొద్దు. పాత కప్పుల పరువు ఉంది.”

ఎవరికీ చెప్పకపోవడమే నాకూ కావలసింది. మల్లాపూర్ నుంచి మొగిలయ్య వెల్డింగ్ సామాను తెచ్చుకుని, ఆయుధపూజకు రెండు రోజుల ముందు రెండు రింగులూ పైకి లేపాడు. పండగ కాగానే ఊరికి పోతానన్నాడు గనక ఇక ఆగలేకపోయాను. నాయిన చేతి మీద నాకు నమ్మకముంది. ఒకటి తప్పితే నవ్వుకుంటాడు, రెండోది వేస్తాడు అనుకున్నాను. పిల్లలకు మాత్రం ఆయన దగ్గర నోరెత్తవద్దని గట్టిగా చెప్పాను.

పూజ రోజు నాయిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. కాళ్లకు ఉతికి ఆరేసిన కాన్వాసు బూట్లు. అమ్మ కూడా వచ్చింది. పిల్లలంతా కోర్టు చుట్టూ చేరారు. బంతికి బొట్టు పెట్టి ఆయన చేతికిచ్చాను. గీత మీద నిలబడి, బంతిని రెండుసార్లు నేలకు కొట్టి, మోకాళ్లు కొంచెం వంచి, అలవాటైన ఆ తీరులోనే వేశాడు.

బంతి రింగు ముందు అంచుకు కూడా తగలకుండా వలను కింద నుంచి ఊపి పోయింది.

“గాలున్నది,” అన్నాడు నాయిన నవ్వుతూ. గాలి లేదు.

రెండోది అంచుకు తగిలి వెనక్కి వచ్చింది. మూడోది పక్కకు పోయింది. పిల్లలు ఒక్కరూ కదల్లేదు. అనిరుధ్ నా వైపు చూశాడు. నేను నేల చూపులు చూశాను. నాయిన నాలుగోది వేసే ముందు తన అరచేతులను తిప్పి చూసుకున్నాడు. అది చూడలేకపోయాను. అది కూడా పడలేదు.

బోణీ కాకుండా ఎవరూ బంతి ముట్టకూడదు. అందరం అలాగే నిలబడి ఉన్నాం. నాయిన బంతిని ఇంకోసారి చేతిలోకి తీసుకుని, కుంకుమ చెరిగినచోట వేలితో తుడిచి, అనిరుధ్ దగ్గరికి నడిచి వాడి చేతిలో పెట్టాడు.

“నువ్వెయ్యి బిడ్డా. నా పని అయిపోయింది.”

ఎత్తు సంగతి తెలిసినవాడు గనక కొంచెం పైకి వేశాడు. పడింది. చప్పట్లు కొట్టింది నాయిన ఒక్కడే.

*

ఆ తర్వాత మా ఇంట్లోకి ఒక ముసలాయన వచ్చాడు. అంతకుముందు ఆయన లేడు. మెట్లు దిగుతూ గోడ పట్టుకునేవాడు. స్కూటరు అమ్మెయ్యమన్నాడు. పాల ప్యాకెట్టుకు పోనని చెప్పాడు. నీళ్ల బిందె ఎత్తబోయిన అమ్మను చూసి లేవబోయి, మళ్లీ కూర్చుని, “నాతోని గాదు” అన్నాడు. అమ్మ బలవంతంగా దవాఖానకు తీసుకుపోతే డాక్టరు రక్తం, నరాలు, గుండె అన్నీ చూసి ఏ లోపమూ లేదన్నాడు. “గాయినకేం తెలుసు. నా చేతుల సంగతి నాకు తెల్వదా,” అన్నాడు నాయిన. కాన్వాసు బూట్లు పాత బట్టలవాడికి వేయమని గేటు దగ్గర పెట్టాడు. నేను వాటిని పైకి తెచ్చి దాచాను.

కథ చెప్పడం కూడా మానేశాడు. ఇంటికి ఎవరొచ్చినా, ఎంత అడిగినా కొత్త గచ్చు మాట రాలేదు. ఒకప్పుడు ఆ కథ మొదలుపెడితే మేమంతా పని కల్పించుకుని లేచిపోయేవాళ్లం. ఇప్పుడు అది లేని ఇల్లు నాకు బొత్తిగా పరాయి ఇల్లులా ఉంది.

నేను రెంటి మధ్య ఇరుక్కున్నాను. రింగు లేపామని చెప్తే ఆయన చేతులు ఆయనకు దక్కుతాయి, ఆ ఎగురుడు పోతుంది. చెప్పకపోతే ఎగురుడు ఉంటుంది, మనిషి ఇలాగే కుర్చీలో కుంగిపోతాడు. పైగా నాకు ఇందులో లాభముంది. చెప్తే సరూర్‌నగర్‌లో నా తప్పు లేదని తేలుతుంది. ఆ లాభం ఉండబట్టే నోరు పెగలలేదు. నాకోసం చెప్తున్నానో ఆయనకోసం చెప్తున్నానో నాకే తెలియలేదు.

చివరికి వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అమ్మకు చెప్పాను. రోడ్డు సంగతి, కోర్టు సంగతి, మొదటి పొర నాలుగు వేళ్ల సంగతి. అమ్మ చెయ్యి ఆపకుండా విన్నది.

“అయితే చేతులు మంచిగనే ఉన్నయ్?”

“మంచిగనే ఉన్నయ్ అమ్మా. కాని చెప్తే గా డంక్...”

“జెప్పు,” అంది. “నాకు ఇయ్యాల నడిచే మనిషి గావాలె. ఎప్పుడో ఎగిరిన మనిషితోని నాకేం పని?”

“జీవితమంతా దాని మీదనే బతికిండు గదనే.”

“నాతోని బతికిండు,” అంది అమ్మ, చిక్కుడుకాయల గిన్నె పక్కకు జరిపి. “ఎగిరింది ఒక్కపారి. నాతోని రోజూ బతికిండు.”

గిన్నె నా వైపు లాక్కుని మిగిలిన కాయల ఈనెలు తీశాను.

*

మర్నాడు ఆదివారం. నాయిన గేటు దగ్గర మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. రోడ్డు ఆయన మోకాళ్ల ఎత్తున ఉంది. పోయేవాళ్ల కాళ్లు చూస్తూ పలకరిస్తున్నాడు. పోయి పక్కన కూర్చున్నాను.

“నాయినా, మనకు మూడు మెట్లుండె గద.”

“ఉండె.”

“ఇప్పుడు లెవ్వు. ఇల్లు గుంగిందా?”

“తిరుపతి జెప్పలేదా. రోడ్డు లేసింది.”

“కోర్టు గూడ లేసింది నాయినా.”

ఆయనకు అర్థం కాలేదు. నేను తొందరపడలేదు. గచ్చు మీద గచ్చు పోసిన సంగతి, స్తంభాలు పాతిన చోటే ఉన్న సంగతి, పండగకు ముందు మొగిలయ్య వచ్చి రింగులు లేపిన సంగతి ఒక్కొక్కటే చెప్పాను. “నీ చేతులకేం గాలే. మేం రింగు పైకి జరిపినం. నువ్వు పాత ఎత్తుకే ఏసినవ్,” అన్నాను.

నాయిన రోడ్డుకేసి చూశాడు. “ఎంత?” అన్నాడు.

నేను జాన చాపి చూపించాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆ జానను కాసేపు చూశాడు. తర్వాత తన చెయ్యి ఎత్తి, నాలుగు వేళ్లు దగ్గరగా ఆనించి, గాలిలో అడ్డంగా పెట్టాడు. నలభై ఏళ్లుగా మాకు చూపిస్తున్నట్టే పెట్టాడు.

“కొత్త గచ్చు పోసి వారం గాలే,” అన్నాడు నెమ్మదిగా. “అప్పటికి ఒక్క పొరనే.”

  ఆయన ఆ వేళ్లనే చూస్తూ ఉండిపోయాడు. కూరగాయల బండి వచ్చి పోయింది. అమ్మ లోపలి నుంచి చాయ్ తాగమని పిలిచింది. నాయిన చెయ్యి దించి, మోకాలి మీద ఆనించి, గోడ పట్టుకోకుండా లేచి లోపలికి పోయాడు. ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మధ్యాహ్నం చూస్తే నీళ్ల బిందె వంటింటి గట్టు మీద ఉంది. ఎత్తింది నేను కాదు, అమ్మా కాదు.

సోమవారం పొద్దున్న నేను కోర్టుకు పోయేసరికి బంతి చప్పుడు వినిపించింది. నాయిన గీత మీద నిలబడి ఉన్నాడు. కాళ్లకు చెప్పులు. బూట్లు పాత బట్టలవాడికి పోయాయని అనుకుంటున్నాడు మరి. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి అంచున నిలబడుతున్నారు. బంతి తప్పుతోంది, ఆయన పోయి తెచ్చుకుంటున్నాడు, మళ్లీ వేస్తున్నాడు. మొహం మీద చెమట ఉంది గాని పండగనాటి ఆ చూపు లేదు. మోకాళ్లు ఇంకొంచెం వంచాడు. మోచెయ్యి ఇంకొంచెం ఎత్తాడు. అలా ఎంతసేపు వేశాడో, ఒకటి అంచు మీద తిరిగి తిరిగి లోపలికి పడింది.

“ఇగ అయింది బోణీ,” అన్నాడు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. అనిరుధ్ బంతి అందుకుని, ఉండబట్టలేక అడిగాడు. “తాతగారూ, అయితే ఆ రోజు మీరు డంక్ చేసింది తక్కువ రింగు మీదేనన్నమాట?”

నాకు వాడి నోరు మూయాలనిపించింది. నాయిన మాత్రం కండువాతో మెడ తుడుచుకుని, వాళ్లందరినీ ఒకసారి కలియచూశాడు.

“అవు. నాలుగు వేళ్లు తక్కువుండె,” అన్నాడు. “తర్వాత తర్వాత జానెడు తగ్గింది. గా జానెడు తక్కువ రింగు కిందనే గద మీరందరు ఆడింది. మరి మీలో ఒక్కడన్న ఎగిరిండా?”

 అనిరుధే మొదట నవ్వాడు, ఆ తర్వాత అందరూ. నాయిన కూడా నవ్వాడు. సాయంత్రం ఇంట్లో కథ మళ్లీ మొదలైంది. ఈసారి ‘రింగు నాలుగు వేళ్లు తక్కువుండె’ అన్న మాట కూడా అందులో చేరింది. అమ్మ బూజు మాట ఎత్తింది. నేను పైకి పోయి బూట్లు తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టాను.

*

డిసెంబరులో జట్టుతో నాయిన కూడా వరంగల్ వచ్చాడు. బయటి ఆటకు ఆయన రావడం అదే మొదటిసారి. అంతకుముందు పిలిస్తే, ఓడేది చూడటానికి అంత దూరం ఎందుకనేవాడు.

కప్పు తెచ్చామని చెప్పను. రెండో రోజే ఇంటిదారి పట్టాం. కాని మొదటి రోజు గెలిచాం. మా పిల్లల బంతులు పరాయి రింగులో ఒకదాని వెనుక ఒకటి పడుతుంటే వాళ్లకే నమ్మకం కుదరక ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరి ఈల మోగాక అనిరుధ్ పరిగెత్తుకొచ్చి నాయిన కాళ్లకు మొక్కాడు. బయట గెలవడం మా జట్టు చరిత్రలో అదే మొదలు. నాయిన వాణ్ణి లేపి, “మంచిగాడిన్రు,” అన్నాడు.  ఆట జరుగుతున్నంతసేపూ ఆయన ఎవరి బంతీ చూడలేదని, ఆ రింగునే చూస్తున్నాడని నేను గమనించాను. ఎందుకో తోచలేదు.

తిరుగు బస్సులో పిల్లలు వెనక సీట్లలో పాటలు పాడి పాడి అలసిపోయారు. నేనూ నాయినా ముందు సీట్లో. ఆయన కిటికీ పక్కన. ఘట్‌కేసర్ దాటింది. రోడ్డు పక్క దుకాణాల్లో దీపాలు వెలిగిస్తున్నారు. 

“సరూర్‌నగర్ల నువ్వు భయపడలే,” అన్నాడు, బయటికి చూస్తూనే.

నాకు వినబడింది. ఆయన వైపు తిరిగాను.

“నేను నేర్పిన ఎత్తుకే ఏసినవ్. మంచిగనే ఏసినవ్,” అన్నాడు. “భయపడ్డవని నేనే అన్న.”

ఆ ఆదివారం మెట్టు మీద ఆయన తన ఎగురుడు గురించే ఆలోచిస్తున్నాడనుకున్నాను. రోజంతా మాట్లాడకుండా ఉంటే, దానికోసమే బాధపడుతున్నాడనుకున్నాను. నేను మాత్రం నా సంగతి ఆయన దగ్గర ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తకుండానే ఆయన దాన్ని వెతుక్కుని, ఇన్ని వారాలు మోసి, ఈ బస్సులో నా ఒళ్లో పెట్టాడు. నా కళ్లు నిండిపోయాయి. దాచుకోలేదు.

“భయపడలే నాయినా,” అన్నాను.

ఆయన తల ఊపాడు. ఉప్పల్ చౌరస్తా వచ్చింది. మెట్రో స్తంభాల కింద బస్సు ఆగింది. పిల్లలు నిద్రకళ్లతో లేచి బ్యాగులు వెతుక్కుంటున్నారు. బంతుల సంచి నేను తీసుకోబోయేలోపే నాయిన అందుకుని భుజాన వేసుకున్నాడు.

“జర సూసి దిగు బిడ్డా,” అని, నాకంటే ముందు దిగి చెయ్యి చాపాడు.